ద్రోణుడి ఇంట్లో పాలు లేవు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన తెలుగు పిల్లలకు హరికథ కొత్త కాదు. రాయ్‌పూర్ మీదుగా విజయనగరం బండి దిగి, రైల్వే ఉద్యోగాల్లో చేరిన మనవాళ్లు శ్రీరామనవమి పందిరిని కూడా వెంట తెచ్చుకున్నారు. దాసుగారు చిడతలు మోగిస్తూ, కాలి గజ్జె ఘల్లుమనిపిస్తూ, ద్రౌపది సభలో నిలబడ్డ ఘట్టం దాకా తెచ్చి టక్కున ఆగేవారు. పిట్టకథ ఎత్తుకునేవారు. ఆ పిట్టకథలో మా రేషన్ కొట్టు ఉండేది, జీతాల రోజు అప్పులవాడు ఉండేవాడు. నవ్వి నవ్వి మేం అలసిపోయాక, "అప్పుడు భీష్ముడేం చేశాడయ్యా?" అంటూ మళ్లీ సభలోకి లాక్కెళ్లేవారు. ఈసారి భీష్ముడి మౌనం వేరుగా వినిపించేది.

చాలా ఏళ్ల తర్వాత, ఇదే ఊళ్లో పుట్టిన ఒకాయన హిందీలో రాసిన నాటకం చదువుతుంటే ఆ పందిరే కళ్లముందు కదిలింది.

ఆయన డాక్టర్ శంకర్ శేష్. 1933 అక్టోబర్ 2న బిలాస్‌పూర్‌లో మరాఠీ కుటుంబంలో పుట్టారు. ఇక్కడ మరాఠీ ఇళ్లు ఉండటం వింతేమీ కాదు. ఈ ప్రాంతాన్ని ఏలిన రతన్‌పూర్ రాజ్యం పద్దెనిమిదో శతాబ్దంలో నాగపూర్ భోంస్లేల చేతికి వెళ్లింది. ఆ తర్వాత రైలు పట్టా కూడా నాగపూర్ నుంచే వచ్చింది. శేష్ నాగపూర్‌లో చదువుకుని, హిందీ, మరాఠీ కథాసాహిత్యాలను పోల్చి డాక్టరేట్ తీసుకున్నారు. ఛత్తీస్‌గఢీ మీద భాషాశాస్త్ర గ్రంథం రాశారు. కాలేజీల్లో పాఠాలు చెప్పి, చివరికి ముంబయిలో స్టేట్ బ్యాంకు హిందీ విభాగంలో అధికారి అయ్యారు. 1955 నాటి 'మూర్తికార్'తో మొదలుపెట్టి ఇరవైకి పైగా నాటకాలు రాశారు. ఆయన కథతో భీమ్‌సేన్ తీసిన 'ఘరౌందా' (1977) సినిమా మనలో చాలామంది చూసే ఉంటారు, రచయిత పేరు మాత్రం గుర్తుండదు. 1981 అక్టోబర్ 28న శ్రీనగర్‌లో కన్నుమూశారు. అప్పటికి నలభై ఎనిమిదేళ్లే.

ఆయన పనితనం తెలియాలంటే ముందు మరాఠీ కీర్తన్ సంగతి చెప్పాలి. కీర్తన్‌కు రెండు భాగాలు. పూర్వరంగంలో కీర్తనకారుడు ఒక అభంగమో (మరాఠీ భక్తిపదం), తత్త్వమో ఎత్తుకుని దాని అర్థం విప్పుతాడు. ఉత్తరరంగంలో ఆ తత్త్వానికి సాక్ష్యంగా ఒక కథ చెబుతాడు. తంజావూరు మరాఠా రాజుల కాలంలో ఈ పద్ధతి దక్షిణాదికి వచ్చి మన హరికథకూ బలం ఇచ్చింది. ఒక్క మనిషే వ్యాఖ్యాత, గాయకుడు, కథలో ప్రతి పాత్రా. వేషం మార్చడు, గొంతు మారుస్తాడు. అందుకే పురాణంలోంచి వీధిలోకి రావడానికి అతనికి తెర దించే పని ఉండదు.

'పోస్టర్' నాటకంలో శేష్ ఈ చట్రాన్నే వాడుకున్నారు. కీర్తన్ మొదలవుతుంది. భక్తుడి కథ రావలసిన చోట కూలీల కథ వస్తుంది. పుట్టింటి నుంచి వస్తూ ఒకామె ఓ పోస్టర్ తెచ్చి పని చేసే చోట గోడకు అంటిస్తుంది. అందులో ఏముందో ఆమెకు తెలియదు. యజమానికి మాత్రం బాగా తెలుసు. భయపడి కూలి పెంచుతాడు. ఒక కాగితానికి ఇంత శక్తి ఉందా అని కూలీలు ఆలోచనలో పడతారు. ప్రచార నాటకంగా తేలిపోయే అవకాశం ఉన్న కథ ఇది. నన్నడిగితే దాన్ని నిలబెట్టింది కీర్తన్ చట్రమే. దైవకథ వినడానికి అలవాటుపడిన చెవితో కూలి లెక్క వింటాం, అంతే శ్రద్ధగా వింటాం.

'ఏక్ ఔర్ ద్రోణాచార్య'లో పద్ధతి ఇంకా పదునెక్కింది. అరవింద్ అనే ప్రొఫెసర్ పరీక్షలో కాపీ కొడుతున్న కుర్రాణ్ణి పట్టుకుంటాడు. ఆ కుర్రాడు కాలేజీ అధ్యక్షుడి కొడుకు. ఇంట్లో అవసరాలున్నాయి, పైనుంచి ఒత్తిడి ఉంది. అరవింద్ లొంగుతాడు. అతని కథ నడుస్తుండగానే అదే రంగస్థలం మీదికి ద్రోణుడూ, ఆయన భార్య కృపీ వస్తారు. అశ్వత్థామ పాలకోసం ఏడిస్తే పిండి కలిపిన నీళ్లు ఇచ్చిన వైనం భారతం విన్నవాళ్లందరికీ తెలుసు. శేష్ ద్రోణుణ్ణి ఆ పేదరికంలోంచే చూస్తారు. ఆకలిగొన్న బిడ్డ తండ్రి రాజాశ్రయంలో చేరితే తప్పనగలమా? అనలేం. కానీ ఆ గడప దాటాకే ఏకలవ్యుడి బొటనవేలు తెగింది, సభలో గురువు నోరు మూతపడింది. ఆ మెట్లన్నీ అరవింద్ ఒక్కొక్కటిగా దిగుతుంటే మనం పక్కనే నిలబడి చూస్తాం.

పాతకథను నేటికి తెచ్చే దారి ఇంకొకటీ ఉంది. నైజీరియా నాటకకర్త, రంగస్థల ఆచార్యుడు ఓలా రోటిమి 1968లో గ్రీకుల ఈడిపస్ కథను యొరుబా నేలకు తెచ్చి 'ది గాడ్స్ ఆర్ నాట్ టు బ్లేమ్' ప్రదర్శించారు. ఆయన పాతకథను పూర్తిగా తన ఊరికి మార్చేశారు. శేష్ అలా చేయలేదు. రెండు కాలాలనూ పక్కపక్కన నిలబెట్టి, మన దాసుగారిలాగే, అటూ ఇటూ తిప్పారు.

మా బిలాస్‌పూర్‌కీ భారతానికీ ఏదో బంధం ఉన్నట్టుంది. 1936లో ఇక్కడే పుట్టిన సత్యదేవ్ దూబే క్రికెటర్ అవుదామని ముంబయి వెళ్లి నాటకాల్లో పడ్డారు. ధర్మవీర్ భారతి 'అంధాయుగ్'ను 1962లో రంగస్థలం ఎక్కించింది ఆయనే. కురుక్షేత్రం చివరి రోజున గాంధారి శాపం ఇచ్చే నాటకం అది.

శేష్ కూడా గాంధారి దగ్గరికి వెళ్లారు. ఆ నాటకం పేరు 'కోమల్ గాంధార్'. గుడ్డి భర్తతో తనకు పెళ్లి కుదిర్చిన పెద్దల మీద ఆమె పట్టిన పంతమే ఆమె కళ్లకు కట్టుకున్న గంత అంటారాయన, పాతివ్రత్యం కాదంటారు. కోమల్ గాంధార్ హిందుస్తానీలో ఒక స్వరస్థానం. మన హార్మోనియం మీద అదే సాధారణ గాంధారం. పందిట్లో దాసుగారు శోకఘట్టం ఎత్తుకునే ముందు, వెనకనున్న హార్మోనిస్టు మెల్లగా ఆ మెట్టు మీదే వేలు ఆనించేవాడు.