గురుడి ఫోటోలు కడిగేవాళ్లు

2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా కృష్ణా పుష్కరాలు జరిగాయి. మిర్యాలగూడ వైపువాళ్లు వాడపల్లికి, కోదాడ, హుజూర్‌నగర్ వైపువాళ్లు మట్టపల్లికి బారులు తీరారు. గురుడు కన్యారాశిలో అడుగుపెట్టాడని మనం మూడు మునకలేసి ఇళ్లకు చేరిన నాలుగు రోజులకు, ఆగస్టు 27న, అదే గురుడి మేఘాలకు దాదాపు 4,200 కిలోమీటర్ల ఎత్తున జూనో వ్యోమనౌక దూసుకుపోయింది. 2011 ఆగస్టు 5న బయల్దేరిన ఆ నౌక అంత దగ్గరి నుంచి పరికరాలన్నీ తెరిచి చూడటం అదే తొలిసారి.

జూనోలో జూనోక్యామ్ అని ఒక కెమెరా ఉంది. మిగతా పరికరాల్లా దాన్ని పరిశోధన కోసం పెట్టలేదు, ప్రజల కోసం పెట్టారు. అందుకే దాని వెనక ఫోటోలు తీర్చిదిద్దే పెద్ద బృందమేమీ లేదు. వచ్చిన ముడి బొమ్మల్ని నాసా వచ్చినట్టే అందరి ముందూ పెట్టేస్తుంది. కడుక్కునే పని చూసేవాళ్లదే. జర్మన్ గణితజ్ఞుడు గెరాల్డ్ ఐక్‌స్టెట్, బ్రిటన్ కళాకారుడు షాన్ డోరన్, ఐస్‌లాండ్‌కు చెందిన బ్యోర్న్ యోన్‌సన్ లాంటివాళ్లు ఈ పనితోనే పేరు తెచ్చుకున్నారు. 2022లో జూనో గురుడి ఉపగ్రహం యూరోపా పక్కగా వెళ్లినప్పుడు నాసా ఎంచి చూపిన ఔత్సాహికుల బొమ్మల్లో నవనీత్ కృష్ణన్ కడిగినదీ ఉంది.

ముడి బొమ్మ తెరిస్తే మొదట నిరాశే. అందులో గురుడు ఉండడు. 1,648 పిక్సెళ్ల వెడల్పు, 128 పిక్సెళ్ల ఎత్తు ఉన్న నలుపు తెలుపు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, మళ్లీ నీలం... ఇదే వరస. ఒకే తుపాను మూడు పట్టీల్లో మూడు చోట్ల, కాస్త కాస్త జరిగి కనిపిస్తుంది. కారణం ఏమిటంటే కెమెరా నౌకకు బిగించి ఉంది, నౌకేమో 30 సెకన్లకో చుట్టు తిరుగుతూనే ఉంటుంది. పెద్దగట్టు జాతరలో రంగులరాట్నం ఎక్కి, అది తిరుగుతుండగానే సెల్‌ఫోన్‌తో టకటకా ఫోటోలు తీసి, తర్వాత అన్నీ కలిపి జాతరంతా ఒకే బొమ్మగా అతికించాలనుకోండి. పని అదే.

అతికించడానికి కంటిచూపు చాలదు, లెక్క కావాలి. నౌక సెకనుకు 12 డిగ్రీలు తిరుగుతుంది. ఒక క్లిక్‌కీ మరో క్లిక్‌కీ మధ్య సుమారు 0.37 సెకను, అంటే దాదాపు 4.4 డిగ్రీలు. ఒక్కో పట్టీ పట్టేది 4.9 డిగ్రీలు. ఆ మిగిలిన అర డిగ్రీలోనే ఒకే రంగు పక్కపక్క పట్టీలు ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. ఇందులో ఇంకో మెలిక ఉంది. నమోదైన సమయానికీ, కెమెరా నిజంగా కన్ను తెరిచిన క్షణానికీ దాదాపు 60 మిల్లీసెకన్ల తేడా ఉంటుంది. రెప్పపాటు కూడా కాదు. కానీ ఆ వేగంలో అది ముప్పావు డిగ్రీ, బొమ్మ మీద 19 పిక్సెళ్లు! ఆ తేడా కలపకపోతే గురుడి అంచు ఉండాల్సిన చోట ఉండదు, మేఘాలు పక్కకు పడతాయి.

ఏ క్షణాన నౌక ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో చెప్పే లెక్కల ఫైళ్లను స్పైస్ పేరుతో నాసా ఉచితంగానే ఇస్తుంది. వాటి సాయంతో ప్రతి పిక్సెల్ నుంచీ ఒక గీత గీసి, అది గ్రహాన్ని ఎక్కడ తాకుతుందో కనుక్కోవాలి. గురుడు గుండ్రటి బంతి కాదు. నడుం దగ్గర వ్యాసార్ధం 71,492 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 66,854. ఈ నొక్కుడు కూడా లెక్కలోకి రావాలి. ఐక్‌స్టెట్ ఇందుకు సొంతంగా ప్రోగ్రాములు రాసుకున్నాడు. మిగతావాళ్లకు అమెరికా భూగర్భ సర్వే సంస్థ వారి ఐసిస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మన ఉపగ్రహాల బొమ్మలకు షాద్‌నగర్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ చేసే దిద్దుబాటు కూడా ఈ జాతిదే కాబట్టి, సరదాకు నేర్చుకున్నది రేపు కొలువుకూ పనికొస్తుంది.

లెక్క అయ్యాక వెలుగు సంగతి. సూర్యుడి వైపు తెల్లబోతుంది, రాత్రి అంచు మసకబారుతుంది. ఎండ ఎంత ఏటవాలుగా పడిందో లెక్కగట్టి ఆ తేడాను తీసేస్తే, చీకటి అంచున దాక్కున్న సుడులు పైకి తేలతాయి. మరీ ఎక్కువ లాగితే తేలేది ఇసుక రవ్వలాంటి నలుసే. ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియడానికి ఏ ఫార్ములా లేదు, చేసి చేసి తెలుసుకోవాల్సిందే.

ఆ తర్వాతి మెట్టు మన ఊళ్లకు కొత్తేమీ కాదు. సూర్యాపేటలోనో కోదాడలోనో ఏ ఫోటో స్టూడియోకి వెళ్లినా, పెళ్లి ఆల్బమ్ డిజైన్ చేసే కుర్రాడి వేళ్ల కింద లేయర్లు, కర్వులు, మాస్కులు ఆడుతుంటాయి. ‘అన్నా, పిల్ల జర తెల్లగ రావాలె’ అని పెళ్లివాళ్లు అడగడం, అతను మౌస్ జరపడం రోజూ జరిగేదే. గురుడికి అలా అడిగేవాళ్లు లేరు గానీ, జరిపే చెయ్యి ఉంది. మనం ఫోన్లలో చూసి మురిసిపోయే నీలి సుడుల గురుడు చాలావరకు ఆ చేతి చలవే. అసలు గురుడు వెలిసిన రంగులవాడు. మీగడ తెలుపు, లేత గోధుమ, అక్కడక్కడా బూడిద. పదును మితిమీరితే తుపాన్ల చుట్టూ లేని తెల్లటి గీత కూడా పుట్టుకొస్తుంది.

నా మటుకు నాకు ఆ వెలిసిన గురుడే ఇష్టం. అలాగని రంగు పెంచినవాళ్లను మోసగాళ్లనను. పెంచితేనే కనిపించేవి ఉన్నాయి. 1979 మార్చిలో వాయేజర్ 1 బృందంలోని లిండా మొరాబిటో, దారి చూసుకోవడానికి తీసిన ఒక మసక బొమ్మలో వెలుగు పెంచి చూసినప్పుడే గురుడి మరో ఉపగ్రహం అయో అంచున గొడుగులా లేచిన పొగ దొరికింది. భూమి అవతల మండుతున్న అగ్నిపర్వతాన్ని మనిషి చూడటం అదే మొదలు. ఈ విద్యలో తప్పు పెంచడం కాదు, పెంచి చెప్పకపోవడం. పెళ్లి ఆల్బమ్‌కు లేని సదుపాయం ఒకటి ఇక్కడ ఉంది. ముడి బొమ్మ అందరికీ దొరుకుతుంది గనక, కడిగినవాడు ఏం చేశాడో మిర్యాలగూడలో కూర్చున్న డిగ్రీ పిల్లాడైనా సరిచూడగలడు. మంచి పనివాళ్లు బొమ్మ కింద నాసా పేరుతోపాటు తమ పేరు, ముడి బొమ్మ నంబరు, రంగు పెంచిన సంగతీ రాస్తారు.

ఇదంతా కాలక్షేపమేనా అంటే, కాదు. ఐక్‌స్టెట్ పటాల మీద మేఘాల కదలికలు కొలిచి బ్రిటన్ ఔత్సాహిక పరిశీలకుడు జాన్ రోజర్స్ తదితరులు గురుడి దక్షిణ ధ్రువ ప్రాంతపు గాలుల మీద పరిశోధన పత్రమే రాశారు. 2020 మే 31న దక్షిణాఫ్రికాలో క్లైడ్ ఫోస్టర్ అనే ఔత్సాహికుడు సొంత టెలిస్కోపుకు మీథేన్ ఫిల్టర్ తగిలించి చూస్తే, గురుడి మీద అంతకుముందు లేని మచ్చ ఒకటి కనిపించింది. రెండు రోజులకే, జూన్ 2న, జూనో దాని మీదుగా వెళ్లింది. అప్పుడు తీసిన బొమ్మను కెవిన్ గిల్ కడిగి చూపించాడు. కనిపెట్టినవాడు ఒక ఖండంలో, కడిగినవాడు మరో ఖండంలో!

రేడియేషన్ దెబ్బకు కెమెరా 2023 నాటికి బాగా పాడైంది. బొమ్మల నిండా గీతలు, నలుసు. దాన్ని వేడి చేసి కొంత బాగుచేసి, ఆ ఏడాది డిసెంబర్ 30న అయోకు దాదాపు 1,500 కిలోమీటర్ల దూరం నుంచి ఫోటోలు తీశారు. అలాంటి బొమ్మలు చెయ్యి తిరిగినవాళ్లకే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తొలి ఏళ్ల శుభ్రమైన బొమ్మలు పట్టుకోవడం మేలు. క్లైడ్ మచ్చ ఉన్న 2020 జూన్ 2 నాటివి దించుకోండి. పట్టీలు అతికాక, రంగు జోలికి పోకముందే, మీ బొమ్మను గిల్ బొమ్మ పక్కన పెట్టి చూడండి. మచ్చ అంచులు మూడు రంగుల్లో విడివిడిగా చెదిరి కనిపిస్తే రంగుల మీటలు ముట్టుకోకుండా సమయం లెక్క మళ్లీ చూసుకోవాలి.