అయిదు రోజులూ, మూడేళ్లూ

సైనిక కమాండ్ చరిత్రతో సాహిత్య విమర్శకుడికి పనేమిటని ఎవరైనా అడగవచ్చు. చరిత్ర రచన కూడా కథనమే. కథను ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ముగించాలో నిర్ణయించేది రాసేవాడి వర్గ దృక్పథమే.

పుణె కేంద్రంగా ఉన్న దక్షిణ కమాండ్ వలసపాలనలో పుట్టింది. 1895 ఏప్రిల్ 1న ప్రెసిడెన్సీ సైన్యాలను రద్దుచేసి బ్రిటిష్ ప్రభుత్వం ఏర్పరచిన నాలుగు కమాండ్లలో బొంబాయి కమాండే దీనికి మూలం. 1947లో జెండా మారింది. యంత్రాంగం అదే మిగిలింది. హైదరాబాదుపై చర్యకు తొలి పథకం వేసిన గొడార్డ్ బ్రిటిష్ అధికారే.

1948 సెప్టెంబరు 13న రాజేంద్రసింహ్‌జీ ఆధ్వర్యంలో సైన్యం షోలాపూరు, బెజవాడ వైపులనుంచి నిజాం సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. సైనిక చరిత్రకు ఇది అయిదు రోజుల విజయగాథ. పెట్టిన పేరు ‘పోలీసు చర్య’. టాంకులతో, ఆర్మర్డ్ డివిజన్‌తో జరిగిన పోలీసు చర్య! భాష ఎవరి పక్షాన నిలుస్తుందో ఈ ఒక్క మాట చెబుతుంది.

రజాకార్ల పీడ విరగడైంది నిజం. సైనిక గవర్నరు చౌధురి హయాంలో, 1949 ఆగస్టులో, జాగీర్లు రద్దయిందీ నిజం. వాటిని దాచడం మనకు తగదు. కాని అదే సైన్యం అండతో దొరలు గడీలకు తిరిగివచ్చారు. రైతులు పంచుకున్న భూములు లాక్కున్నారు. పోరాటం మొత్తంలో 4,000 మంది కమ్యూనిస్టులు, రైతు యోధులు నేలకొరిగారని సుందరయ్య రాశారు. సైనిక చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని, వారిలో అత్యధికులు ముస్లింలని సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు తొక్కిపెట్టింది.

మరి మన సాహిత్యం? బొల్లిముంత ‘మృత్యుంజయులు’ 1947లోనే వచ్చింది. ‘ప్రజల మనిషి’, ‘చిల్లర దేవుళ్లు’ నిజాం కాలపు పల్లెను కళ్లకు కట్టాయి. ‘జనపదం’లో దాశరథి రంగాచార్య తర్వాతి కాలాన్నీ తడిమారు. అయినా గడీ దౌర్జన్యాన్ని చిత్రించినంత బలంగా, 1951 అక్టోబరులో పోరాట విరమణ దాకా సాగిన ఆ మూడేళ్ల నిర్బంధాన్ని మనం చిత్రించలేదని నా అభిప్రాయం. ముస్లిం పేదల చావును గురించి మన మౌనం మరీ పెద్దది.

అయిదు రోజులు రాసుకునే హక్కు కమాండ్‌కు ఉంది. దాని లెక్కలో చేరని మూడేళ్లు రాయవలసింది మనమే. ఆ రోజులు చూసినవాళ్లు ఇక కొద్దిమందే మిగిలారు. సెప్టెంబరు 17 దగ్గర గీత గీసి కథ ముగిస్తే, మన కలం కూడా ఆ కమాండ్ ఆజ్ఞనే పాటించినట్టు.