అద్దె సినిమా - అనుమతి సినిమా

వీడియో షాపులు పోయాయని యీ మధ్య మనవాళ్లలో కొందరు విచారపడుతున్నారు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదా, అశోక్‌నగర్ సందుల్లోనూ, నారాయణగూడ చౌరస్తా చుట్టుపక్కలా ఒకప్పుడు క్యాసెట్లూ, తర్వాత సీడీలూ అద్దెకిచ్చిన గదుల్లో యిప్పుడు జిరాక్సు యంత్రాలూ, పోటీ పరీక్షల పుస్తకాలూ, కర్రీ పాయింట్లూ వున్నాయి. పోయినదాని కోసం నిట్టూర్చడం అభ్యుదయవాది పని కాదు. అయితే పోయినదేమిటో, దాని చోట వచ్చినదేమిటో తేల్చుకోకుండా "కాలం మారింది" అని వూరుకోవడం కూడా అభ్యుదయం కాదు.

ముందు ఆ షాపు గురించి మనకున్న భ్రమలు వదులుకుందాం. అది చిల్లర వ్యాపారం. 1982 ఆసియా క్రీడల నాటికి మన దేశానికి రంగుల టెలివిజన్ వచ్చింది. దాని వెంటనే వీసీఆర్ వ్యాపించింది. దొంగ క్యాసెట్ల బెడద యెంత పెరిగిందంటే 1984లో కాపీరైట్ చట్టాన్నే సవరించవలసి వచ్చింది. సినిమా ప్రతిని అద్దెకిచ్చే హక్కు చట్టరీత్యా హక్కుదారుది. మన సందుల్లోని షాపుల సరుకులో యెంత భాగం ఆ హక్కుతో వచ్చిందో అడక్కపోవడమే మర్యాద! అల్మారాల నిండా వున్నదీ చాలావరకు వ్యాపార సినిమాయే. మృణాల్ సేన్ తెలుగులో తీసిన "ఒక ఊరి కథ" (1977) గాని, బి. నర్సింగరావు "దాసి" (1988) గాని నేను తిరిగిన షాపుల్లో నాకెన్నడూ కనబడలేదు.

అయినా ఆ వ్యాపారంలో గమనించవలసిన విషయం ఒకటుంది. వీసీఆర్ కొనగలిగిన యిల్లు వీధికి ఒకటో రెండో. తక్కినవాళ్లు శనివారం రాత్రికి యంత్రాన్నీ, టీవీనీ, మూడు నాలుగు క్యాసెట్లనూ కలిపి అద్దెకు తెచ్చుకునేవారు. అశోక్‌నగర్‌లో మా నాన్నగారు అద్దెకున్న పోర్షన్ల యింట్లో వాటా యిచ్చినవాళ్లూ, యివ్వలేనివాళ్లూ ఒకే చాప మీద కూర్చునేవారట. నాకు వూహ తెలిసేసరికి సీడీలు వచ్చాయి. డిపాజిట్ కట్టి, రిజిస్టరులో పేరు రాయించుకుని, మర్నాటికల్లా తిరిగి యివ్వాలి. సంధ్య, దేవి, సుదర్శన్ హాళ్లు నడిచి వెళ్లేంత దూరంలో వున్నా యీ షాపులు బతికాయి. కారణం, హాలు ఆడించి వదిలేసిన సినిమాను షాపు నిలబెట్టేది. షాపాయన పెద్దగా చదువుకున్నవాడు కాదు. "ఇంటర్వెల్ దాకా చూడు బాబూ, తరవాత పడుకో" అని డిస్కు చేతిలో పెట్టేవాడు. మా పత్రికల సమీక్షలు చాలావాటికంటె అది నిజాయితీగల విమర్శ.

వీటిని స్ట్రీమింగ్ చంపిందనడం సగం నిజమే. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ ముప్ఫై రూపాయల లోపు ధరకు వీసీడీలు అమ్మిన నాడే అద్దెకు అర్థం తగ్గిపోయింది. ఫుట్‌పాత్ మీద నాలుగైదు సినిమాలు ఒకే డిస్కులో దొరకడం మరో దెబ్బ. 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, అదే సెప్టెంబరులో చవక డేటాతో జియో, 2020లో తెలుగుకే ప్రత్యేకంగా ఆహా వచ్చేసరికి అవి యెలాగూ కొనవూపిరితో వున్నాయి.

మారినది డిస్కు పోయి తీగ రావడమొక్కటే అయితే మనకు తగాదా లేదు. మారినది ఆస్తి సంబంధం. షాపు నుంచి తెచ్చుకున్న ప్రతి, ఆ ఒక్క రాత్రికైనా, మన చేతిలో వుండేది. గదిలో యెంతమంది కూర్చున్నారో షాపాయన అడిగేవాడు కాదు. ఈనాడు మన చేతికి ప్రతి రాదు, అనుమతి మాత్రం వస్తుంది. అశోక్‌నగర్ హాస్టలు గదుల్లో గ్రూప్-1, గ్రూప్-2లకు చదివే కుర్రాళ్లు నలుగురు కలిసి ఒక చందా కట్టుకోవడం పాత వీసీఆర్ వాటాలకు వారసత్వమే. 2023 జులైలో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో యింటి బయటివాళ్లతో ఖాతా పంచుకోవడాన్ని నిషేధించింది: ఒక ఖాతా ఒక యింటివారికే. వేరువేరు జిల్లాల నుంచి వచ్చి ఒకే గదిలో వుండే నలుగురు యే యింటివారు? ఆ కంపెనీయే 1998 నుంచి అమెరికాలో డిస్కులు పోస్టులో అద్దెకు పంపి యెదిగింది. ఆ పనిని అదే 2023 సెప్టెంబరులో ఆపేసింది.

మిత్రులు ఒక ఆక్షేపణ చెబుతారు: "ఆనాటి యే షాపులోనూ లేనన్ని పాత తెలుగు సినిమాలు యిప్పుడు యూట్యూబ్‌లో వుచితంగా వున్నాయి గదా?" నిజమే. కాదనను. పల్లెటూరి విద్యార్థికి అది పెద్ద మేలు. కాని హక్కుల గడువు తీరిన నాడు స్ట్రీమింగ్ వేదిక మీద వున్న సినిమా చెప్పకుండా మాయమవుతుంది. యూట్యూబ్‌లోది యెవరో తీసేస్తే పోతుంది. వున్నదైనా పాటలు కత్తిరించినదో, అంచులు తెగినదో. సాహిత్య విమర్శకుడు పుస్తకాన్ని వెనక్కి తిప్పి చూస్తాడు, పేజీ సంఖ్య వేస్తాడు, యెదుటివాడు సరిచూసి కొట్టిపారేస్తాడు. సినిమా విమర్శకుడికి ఆ వీలు మొదటిసారి యిచ్చినది క్యాసెట్టే. చూసిన సినిమాను మళ్లీ చూడడం యజమాని యిష్టం మీద ఆధారపడ్డప్పుడు, మనం రాసేది విమర్శ కాదు, జ్ఞాపకం.

చిక్కడపల్లిలోనే దీనికి పోలిక వుంది. సిటీ సెంట్రల్ లైబ్రరీ యీనాటికీ కిటకిటలాడుతోంది. ఒకనాడు వీధివీధినా నవలలు అద్దెకిచ్చిన పుస్తకాల షాపులు టీవీ రాగానే పోయాయి గాని అది పోలేదు. దాని వెనక 1960 నాటి గ్రంథాలయ చట్టం వుంది, యింటి పన్నులో రూపాయికి 8 పైసల సెస్సు వుంది. పుస్తకానికి అద్దె షాపుతోపాటు ప్రజల గ్రంథాలయం కూడా వుండింది. సినిమాకు మనం అద్దె షాపొక్కటే మిగుల్చుకున్నాం. 1964లో పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్స్ పెట్టారు. అది భద్రపరిచే చోటు. నారాయణగూడ విద్యార్థి సాయంత్రం వెళ్లి చూసి వచ్చే చోటు కాదు. వీడియో షాపులు వెలిగిన యిరవైయేళ్లలో సినిమా ప్రతులు కూడా లైబ్రరీలో వుండాలని మన సంఘాలు గట్టిగా అడిగినట్టు నాకు గుర్తు లేదు. సినిమా అంటే మనకున్న చిన్నచూపు యిందులో తక్కువ పని చేయలేదు.

నిరుడు మా తరగతిలో ఒక నవలనూ, దాని మీద తీసిన సినిమానూ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పవలసి వచ్చింది. నవల లైబ్రరీలో మూడు ప్రతులున్నాయి. సినిమా అంతకు ముందు యేడు నెట్‌లో చూశాను, యీసారి లేదు. ఒక షాపు మూసేటప్పుడు బస్తాలో పోసి అమ్మిన డిస్కుల్లో అది నా దగ్గర వుంది. దాన్ని ఆడించే యంత్రం కోసం రెండు రోజులు తిరిగాను.