నాట్యం కాదు నాయనా

ఈ వారం ఒకే వీడియో కాలమిస్టు ఫోన్‌లోకి నలుగురి దగ్గర నుంచి వచ్చి పడింది. నీలి నీళ్ళలో ఒక సొర చేప. వీపు వంచి, ముక్కు పైకెత్తి, పక్క రెక్కలు బాగా కిందికి దించి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ ఈదుతోంది. వెనక హుషారైన సినిమా పాట. ‘షార్క్ డ్యాన్స్ చూడండి’ అని పైన రాత. కెమెరా పట్టిన డైవర్ మాత్రం దాన్ని వదలకుండా వెంటపడుతున్నాడు.

జంతువుల వీడియోలకు పాటలు తగిలించేవాళ్ళంటే ఈ కాలమిస్టుకు ఎంత మంటో పాత పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈసారి మంట ఇంకాస్త ఎక్కువే. ఎందుకంటే అది డ్యాన్స్ కాదు, బెదిరింపు.

తోక వెనక అంచున నల్లటి పట్టీ ఉండే ఆ చేప గ్రే రీఫ్ షార్క్. రెండు మీటర్లు దాటేవి తక్కువ. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో పగడపు దిబ్బలు లోతుకు దిగే అంచుల వెంట తిరుగుతుంది. మన లక్షద్వీప్ దగ్గరా ఉంది. సొర అంటే సొరపిట్టు తప్ప ఇంకేమీ గుర్తురాని మనవాళ్ళు స్కూబా నేర్చుకుని అక్కడికి వెళ్తున్నారిప్పుడు. మామూలుగా ఇది మనిషిని చూసి ఓసారి దగ్గరికి వచ్చి, ఆసక్తి తీరాక తన దారిన పోతుంది. బల్లెంతో కొట్టిన చేప నెత్తురు నీళ్ళలో ఉంటే మాత్రం లెక్క మారుతుంది. ఇక దారి మూసేసి మీదికి వెళ్తే, పాము పడగ విప్పినట్టు, ఆ వంకర ఈత మొదలెడుతుంది. అప్పటికీ తగ్గకపోతే రెప్పపాటులో ఒక్క కాటు వేసి పారిపోతుంది. తినడానికి కాదు.

1961లో వేక్ దీవి దగ్గర స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ డైవర్ జిమ్ స్టీవర్ట్ చేతిని కరిచింది ఈ జాతి సొరే. ఆ చేష్టలకు అర్థం వెతికినవాళ్ళు రిచర్డ్ జాన్సన్, డొనాల్డ్ నెల్సన్. 1973లో అచ్చయిన వాళ్ళ పరిశోధన జరిగిన చోటు మార్షల్ దీవుల్లోని ఎనివెటాక్.

ఆ పేరు దగ్గర కాసేపు ఆగకుండా ఉండటం కాలమిస్టు వల్ల కాదు. అణుబాంబుల సంగతి ఎత్తితే ఆపడని ఇంట్లోవాళ్ళ ఫిర్యాదు కూడా. 1948 నుంచి 1958 దాకా అమెరికా అక్కడ 43 అణుపరీక్షలు చేసింది. 1952 నవంబరు 1న తొలి హైడ్రోజన్ పరికరాన్ని పేల్చితే ఎలుగెలాబ్ అనే దీవి మొత్తం ఆవిరై, సముద్రం అడుగున గొయ్యి మిగిలింది. అంతకుముందే ఊరివాళ్ళని వేరే దీవికి తరలించారు. సొంతగడ్డ మీద మళ్ళీ కాపురం పెట్టడానికి వాళ్ళకి ముప్ఫై ఏళ్ళకు పైనే పట్టింది. పరీక్షల ప్రభావం చూడటానికి అణుశక్తి కమిషన్ డబ్బుతో 1954లో అక్కడ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాల వెలిసింది. సొరల బెదిరింపు భాష తెలుసుకునే వీలు అలా కలిగింది. బాంబు వేసినవాడికి ఈ చేప ‘దగ్గరికి రావద్దు’ అని మర్యాదగా చెబుతుంటే, దాన్ని నోట్సు రాసుకున్నారన్నమాట.

కోపమంతా వీడియో తీసినవాడి మీద దింపేద్దామనే కాలమిస్టు రాయడానికి కూర్చున్నాడు. కానీ ఆ పరిశోధకుల పద్ధతి ఏమిటి? డైవర్ సొర మీదికి వేగంగా ఈదుకుంటూ వెళ్ళడమే! తర్వాత నెల్సన్ ఒక్క మనిషి పట్టే చిన్న జలాంతర్గామి చేయించుకుని, అందులో కూర్చుని వాటిని తరిమాడు. సొరలు దాన్నీ కరిచాయి. ఇది ఆహారం కోసం చేసే దాడి కాదు, ప్రాణరక్షణ అని ఆయన బృందం 1986లో రాసింది ఆ కాట్ల ఆధారంతోనే. వెంటపడినవాళ్ళు లేకపోతే వెంటపడకూడదని చెప్పేవాళ్ళూ ఉండేవారు కాదు.

కాబట్టి కాలమిస్టు ఆ వీడియోని పాట తీసేసి దాచుకున్నాడు. వచ్చే నెల లక్షద్వీప్ వెళ్తున్న మేనల్లుడికి పంపాడు. “మావయ్యా, ఇలా చేస్తే ఏం చెయ్యాలి?” అని వాడి ప్రశ్న.

“ఫ్లాష్ కొట్టకు. దాని మీదికి వెళ్ళకు. దిబ్బకీ నీకూ మధ్య అది ఇరుక్కోకుండా చూడు. లోతు నీళ్ళ వైపు దారి వదిలెయ్. దాన్ని చూస్తూనే నెమ్మదిగా వెనక్కి జరుగు. వీడియో సంగతి తర్వాత చూసుకోవచ్చు.”