ఆ ఐదు శాతం

2013 ఉగాదికి వారం ముందు, పొద్దున్నే ఆరింటికి ఫోను మోగింది. "బాబూ, పత్రిక తెరిస్తే తెల్ల కాగితం వస్తోందయ్యా. రాత్రి బానే ఉంది. నువ్వేమైనా కదిపావా?"

మాస్టారిది చిన్న సాహిత్య పత్రిక. ఇంటర్నెట్లో మాత్రమే వస్తుంది. రిటైరయ్యాక సొంత డబ్బుతో వర్డ్‌ప్రెస్ మీద నడుపుతున్నారు. ఉగాది సంచిక కోసం రెండు నెలలు కూర్చుని కథలు ఎంపిక చేసి, ప్రూఫులు దిద్ది, ఆ ముందు రాత్రే పేజీలన్నీ సిద్ధం చేసుకున్నారు. కదిపింది నేనే. నేను రాసి ఉచితంగా ఇస్తున్న ప్లగిన్‌కి ముందురోజు కొత్త వెర్షన్ విడుదల చేశాను. అప్‌డేట్ ఉందని సైట్ చెబితే, నా పేరు చూసి నమ్మి నొక్కారు.

ఆ ప్లగిన్ పని చిన్నదే. మొదటి పేజీలో ప్రతి కథకీ నాలుగు లైన్ల పరిచయం కనిపించాలి కదా, ఆ నాలుగు లైన్లూ ఎక్కడ తెంచాలో చూసుకుంటుంది. ఇంగ్లీషులో ఇది పనే కాదు. తెలుగులో పెద్ద పని. యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరం, గుణింతపు గుర్తు, ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటాయి. 'తెలుగు' అనే మాట పొడవెంత అని వర్డ్‌ప్రెస్ నడిచే పీహెచ్‌పీ భాషలోని మామూలు ఫంక్షన్‌ని అడిగితే 18 అంటుంది. బైట్లు కాకుండా యూనికోడ్ సంకేతాలు లెక్కపెట్టే ఫంక్షన్ 6 అంటుంది. రెండో తరగతి పిల్లవాణ్ణి అడిగితే మూడు అంటాడు, వాడిదే సరైన లెక్క. మొదటి లెక్కతో తెంచితే వాక్యం చివర నల్ల డైమండులో ప్రశ్నార్థకం మిగులుతుంది. రెండో లెక్కతో తెంచితే కొమ్ము ఊడిపోయి 'గు' కాస్తా 'గ' అవుతుంది. కథ పరిచయం చివర అలాంటి అక్షరం కనిపిస్తే మాస్టారికి అన్నంలో రాయి తగిలినట్టు ఉండేది. ఆయన బాధ చూసే ఆ ప్లగిన్ రాశాను.

పిల్లవాడి లెక్క తెలిసిన ఫంక్షన్లు పీహెచ్‌పీతో పాటే రావడం 2009 జూన్‌లో విడుదలైన 5.3 తో మొదలైంది. అంతకుముందు 5.2 కోసం నేను అక్షరం అక్షరం చూసుకుంటూ రెండు వందల లైన్లు చేత్తో రాసుకున్నాను. 2013 లో అదంతా తీసేసి 5.3 పద్ధతిలో నాలుగు లైన్లు పెట్టాను. ఆ రోజు కలిగిన తృప్తి ఇప్పటికీ గుర్తుంది. మాస్టారి సర్వర్ మాత్రం 5.2 మీదే ఉంది. కొత్త వ్యాకరణం దానికి అర్థం కాలేదు. పీహెచ్‌పీలో ఒక ఫైల్ అర్థం కాకపోతే ఆ ఒక్క ఫైల్‌తో ఆగదు, పేజీ మొత్తం ఆగిపోతుంది. ఎర్రర్లు తెరమీద చూపించకుండా పెట్టిన సర్వర్లో మిగిలేది తెల్ల పేజీయే.

నా లెక్కకి ఆధారం లేకపోలేదు. పీహెచ్‌పీని తయారుచేసేవాళ్లు 5.2 ని 2011 జనవరిలోనే ఆపేశారు. ఆ తర్వాత అందులో సెక్యూరిటీ రంధ్రం బయటపడ్డా వాళ్లు పూడ్చరు. రెండేళ్లు ఆగిన తర్వాతే నేను వదిలాను. తప్పు వేరే చోట ఉంది. 1.4 వెర్షన్ని 1.4.1 చేశాను. మా పనిలో మూడో అంకె మారిందంటే చిన్న సవరణ, నిశ్చింతగా వేసుకోవచ్చు అని అర్థం. ఇల్లు పునాదితో సహా మార్చి, తలుపుకి రంగు వేశానని చెప్పినట్టయింది. మధ్యాహ్నానికి పాత ఫైళ్లు ఎక్కించి సైట్ నిలబెట్టాను. మాస్టారు ఒక్క మాట కూడా అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పాత వెర్షన్ని ఎప్పుడు వదలాలన్నది నా ఒక్కడి ప్రశ్న కాదు. ఓపెన్ సోర్స్‌లో పెద్ద తలకాయలే దీని మీద ఏళ్ల తరబడి తర్జనభర్జన పడ్డాయి. పీహెచ్‌పీ 5 వచ్చింది 2004 జూలైలో. మూడేళ్లయినా హోస్టింగ్ వాళ్లు చాలామంది 4 మీదే కూర్చున్నారు. ఏ సాఫ్ట్‌వేరూ 5 అడగట్లేదు, మేమెందుకు మార్చాలి అన్నది వాళ్ల మాట. హోస్టింగ్‌లో 5 లేదు, మేమెలా అడుగుతాం అన్నది సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల మాట. ఈ ముడి విప్పడానికి 2007 లో ద్రూపల్, సింఫనీ, పీహెచ్‌పీమైఅడ్మిన్ లాంటి ప్రాజెక్టులు 'గో పీహెచ్‌పీ 5' పేరుతో ఒక కట్టు కట్టాయి. 2008 ఫిబ్రవరి 5 తర్వాత మేము తెచ్చే కొత్త విడుదలలకి 5.2 ఉండాల్సిందే అని తేదీతో సహా ముందే ప్రకటించాయి. ఆ కట్టులోని తెలివంతా తేదీలోనే ఉంది. అందరూ ఒకే రోజు వదిలితే హోస్టింగ్ వాడికి ఎవరినీ నిందించే వీలుండదు, మారడమే మిగులుతుంది.

వర్డ్‌ప్రెస్ అందులో చేరలేదు. పీహెచ్‌పీ 4 ని 2011 జూలైలో వచ్చిన 3.2 వెర్షన్ దాకా మోసింది. అప్పుడు కనీస అవసరంగా పెట్టుకున్నది 5.2.4, అంటే అప్పటికే ఆయువు తీరిన వరస. దాన్ని మళ్లీ 2019 మే దాకా, దాదాపు ఎనిమిదేళ్లు మార్చలేదు. ఆ ఎనిమిదేళ్లలో పీహెచ్‌పీ ఎంత మారిందో చూడండి. యూనికోడ్‌ని భాష పునాదుల్లోనే పెట్టాలని మొదలుపెట్టిన 6వ వెర్షన్ని 2010 లో వదిలేశారు కాబట్టి, 5.6 తర్వాత 2015 డిసెంబరులో నేరుగా 7 వచ్చింది. కోడ్‌లో పెద్దగా మార్పు లేకుండానే చాలా సైట్ల వేగం ఇంచుమించు రెట్టింపైంది. వర్డ్‌ప్రెస్ మూల కోడ్ రాసేవాళ్లు మాత్రం 5.2 కి అర్థమయ్యే మాటల్లోనే రాస్తూ వచ్చారు.

చాలాకాలం దాన్ని పిరికితనం అనుకున్నాను. ఇప్పుడు అలా అనను. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నలభై శాతానికి పైగా నడిపే సాఫ్ట్‌వేర్ అది. అందులో ఒక్క శాతం తెల్లబడినా ఎన్ని లక్షల పేజీలో. 2023 ఆగస్టులో 6.3 వెర్షన్‌తో పీహెచ్‌పీ 5 ని పూర్తిగా వదిలినప్పుడు వాళ్లు చెప్పిన కొలత నచ్చింది. పాత వెర్షన్ వాడే సైట్లు ఐదు శాతం కంటే తగ్గేదాకా ఆగడం వాళ్ల అలవాటు. సైట్లు అప్‌డేట్ కోసం అడిగినప్పుడు తమ పీహెచ్‌పీ నంబరు కూడా చెబుతాయి కాబట్టి వాళ్ల దగ్గర లెక్క ఉంది. నా బోటి చిన్న ప్లగిన్ రాసేవాడి దగ్గర ఆ లెక్క ఉండదు.

లెక్క ఉన్నా ఒక సంగతి మరవకూడదు. ఆ చివరి ఐదు శాతంలో ఎవరుంటారు? సైట్ పెట్టించి మరిచిపోయినవాళ్లు కొందరు. మిగిలినవాళ్లు మాస్టారి లాంటివాళ్లు. ఏడాదికోసారి హోస్టింగ్ డబ్బు కట్టి, సర్వర్లో ఏ వెర్షన్ ఉందో తెలియక, తెలిసినా ఎక్కడ మార్చాలో చెప్పే మనిషి లేక ఉండిపోయినవాళ్లు. శాతం తగ్గేకొద్దీ మిగిలేది నిస్సహాయులే. అందుకే వర్డ్‌ప్రెస్ 2019 లో చేసిన రెండు పనులు నాకు ఆ కనీస నంబరు మార్పు కంటే గొప్పగా కనిపిస్తాయి. మీ పీహెచ్‌పీ పాతది, ఇలా మార్చుకోండి అని సైట్ లోపలే చెప్పడం ఒకటి. ప్లగిన్ వల్ల సైట్ కూలితే, నడిపేవాళ్లకి మెయిల్ పంపి లోపలికి వచ్చే దారి ఇవ్వడం రెండోది. 2013 లో ఈ రెండోది ఉండి ఉంటే మాస్టారు పొద్దున్నే నాకు ఫోన్ చేయాల్సిన పని ఉండేది కాదు.

పాత వెర్షన్ని వదలడంలో పైథాన్ భాష కథ కూడా మనకి దగ్గరిదే. పైథాన్ 2 లో తెలుగుతో పనిచేసిన ప్రతివాడికీ ఒక ఎర్రర్ కంఠతా వచ్చు: ఆస్కీ పద్ధతిలో 'ఈ సున్నా' (E0) బైట్ చదవలేకపోతున్నాను అని. యూటీఎఫ్-8 లో మన అక్షరాలన్నీ ఆ బైట్‌తోనే మొదలవుతాయి. అంటే తెలుగు తొలి అక్షరం దగ్గరే అది చేతులెత్తేసేది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 ఆ పునాదిని సరిచేసింది. దాంతో పాత కోడ్ విరిగింది. రెండింటికీ పనికొచ్చేలా రాసేందుకు 'సిక్స్' అని ఒక లైబ్రరీనే పుట్టింది, రెండు మూళ్లు ఆరు కాబట్టి ఆ పేరు. పైథాన్ 2 ని 2020 లో ఆపేస్తామని 2014 లో చెప్పారు, చెప్పినట్టే ఆపారు. నాకు నచ్చిన పద్ధతి పైథాన్‌లో రాసిన జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ది. 1.11 వెర్షన్ పైథాన్ 2 కి చివరిది అని ముందే చెప్పింది. 2017 డిసెంబరులో 2.0 తో వదిలింది. ఆ 1.11 కి మాత్రం 2020 ఏప్రిల్ దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తూనే ఉంది. ముందుకు నడిచేవాళ్లని ఆపలేదు, వెనకున్నవాళ్లకి రెండేళ్లకు పైగా టైమిచ్చింది.

నేను చేసిన రెండో తప్పు మొదటిదానికంటే పెద్దది, దాన్ని అర్థం చేసుకోవడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఉగాది తర్వాత భయంతో చేత్తో రాసిన రెండు వందల లైన్లూ మళ్లీ తెచ్చి పెట్టాను. 5.2 ని ఇక వదలకూడదని తీర్మానించుకున్నాను. వరంగల్లో ఇంజినీరింగ్ చదివే ఒక అమ్మాయి మంచి సవరణ పంపింది. కొత్త పద్ధతిలో శుభ్రంగా రాసిన కోడ్. 5.2 లో నడవదని తిప్పి పంపాను. రెండోసారీ అదే జరిగింది. మూడోసారి అడిగింది: "సర్, 5.2 ఇంకా ఎవరు వాడుతున్నారండీ?" ఉన్నారమ్మా అని రాశాను. ఆమె మళ్లీ రాలేదు. జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చుని పనిచేసేవాళ్లతో నడిచే లోకంలో అలా ఒక మనిషి వెళ్లిపోవడం ఎంత నష్టమో అప్పట్లో నేను లెక్కలో వేసుకోలేదు.

2019 లో వర్డ్‌ప్రెస్ తన కనీస అవసరాన్ని పీహెచ్‌పీ 5.6.20 కి మార్చిన వారం మాస్టారికి ఫోన్ చేశాను. హోస్టింగ్ వాళ్లు రెండేళ్ల కిందటే తన సైట్‌ని పీహెచ్‌పీ 7 కి మార్చేశారని ఆయన చెప్పారు. "నీకు చెప్పాలని తోచలేదయ్యా, బానే నడుస్తోందిగా." ఆయన కోసమని పట్టుకు కూర్చున్న పాత కోడ్ రెండేళ్లుగా ఆయనకి అక్కరే లేదు. నేను అడగలేదు, అంతే.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. భాష తయారుచేసినవాళ్లు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆపే తేదీయే నాకు హద్దు. ఆ తేదీకి ఆరు నెలల ముందు చెబుతాను. తేదీ దాటాక వచ్చే పెద్ద వెర్షన్లోనే వదులుతాను, మొదటి అంకె మార్చి. చివరి పాత వెర్షన్‌కి ఇంకో ఏడాది రంధ్రాలు మాత్రం పూడుస్తాను, కొత్త సౌకర్యాలు చేర్చను. ఏ పీహెచ్‌పీ కావాలో ప్లగిన్ మొదట్లోనే ఒక లైన్ రాస్తాను, అది చూసి పాత సర్వర్లకి వర్డ్‌ప్రెస్ ఆ అప్‌డేట్ ఇవ్వదు. దీని మీద ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. సెంటాస్ 7 లాంటి లినక్స్ సర్వర్లలో పీహెచ్‌పీ 5.4 పెట్టి, భాషవాళ్లు ఆపేశాక కూడా రెడ్‌హ్యాట్ ప్యాచ్‌లతో 2024 జూన్ దాకా కాపాడారు. నంబరు పాతదైనంత మాత్రాన రంధ్రాలున్నట్టు కాదు. కానీ ఆ ప్యాచ్‌లకి వెనక జీతాలిచ్చే కంపెనీ ఉంది. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు దొరికితే కోడ్ రాసుకునేవాడి దగ్గర అంత బరువు పెట్టకూడదు. ఏడాదికి మించి అడిగితే కాదని చెబుతున్నాను, మర్యాదగానే.

మీ నాన్నగారికో, మీకు చదువు చెప్పిన మాస్టారికో, ఊళ్లో గ్రంథాలయానికో ఎప్పుడో ఒక సైట్ పెట్టి ఇచ్చి ఉంటే, ఈ ఆదివారం దాని హోస్టింగ్ ప్యానెల్ తెరిచి పీహెచ్‌పీ నంబరు చూడండి. మొదటి అంకె 8 కాకపోతే ఆ వెర్షన్‌కి పీహెచ్‌పీ వాళ్ల నుంచి ప్యాచ్‌లు 2022 నవంబరు కల్లా ఆగిపోయాయి. ముందు బ్యాకప్ తీసుకుని, తర్వాత మార్చండి. మార్చాక ఒకసారి వాళ్లకి ఫోన్ చేసి పేజీలన్నీ సరిగ్గా కనిపిస్తున్నాయా అని అడగండి.