ఖౌమ్, మిల్లత్, జాతి: మౌలానా మదనీ గ్రంథంపై ఒక పరిశీలన

మౌలానా హుసైన్ అహ్మద్ మదనీ 1938లో ఉర్దూలో రచించిన ‘ముత్తహిదా ఖౌమియత్ ఔర్ ఇస్లాం’ పరిమాణంలో చిన్న పుస్తకమే. అది చర్చించిన ప్రశ్న మాత్రం చిన్నది కాదు. మతం వేరైన పొరుగువారితో కలసి ముస్లింలు ఒకే ‘ఖౌమ్’ కాగలరా? కాగలరనే దారుల్ ఉలూమ్ దేవ్‌బంద్ ప్రధానాచార్యులైన మదనీ సమాధానమిచ్చారు.

వివాదానికి మూలం ఒక్క పదం. 1938 జనవరిలో ఢిల్లీలో ప్రసంగిస్తూ, ఈ కాలంలో ఖౌమ్‌లు స్వదేశాన్నిబట్టి ఏర్పడుతున్నాయని ఆయన అన్నారు. కొన్ని పత్రికలు ‘ఖౌమ్’కు బదులు ‘మిల్లత్’ అని ప్రచురించాయి. అల్లామా ఇఖ్బాల్ మూడు ద్విపదులలో ఆ మాటను తీవ్రంగా ఆక్షేపించారు. మదనీ వివరణ అందిన తరువాత మార్చిలో తన ఆక్షేపణను ఉపసంహరించుకున్నారు. ఏప్రిల్ 21న కన్నుమూశారు. ద్విపదులు మాత్రం మరణానంతర సంపుటంలో చేరిపోయాయి. వాటిని నేటికీ వల్లించేవారున్నారు. ఉపసంహరణ సంగతి వారితోపాటు చెప్పేవారు అరుదు.

గ్రంథకర్త ప్రధానాధారాలు రెండు. దివ్య ఖుర్ఆన్‌లో ప్రవక్తలు తమను తిరస్కరించిన ప్రజలను సైతం ‘నా ఖౌమ్’ అనే సంబోధించారు; కనుక ఖౌమ్‌కు విశ్వాసైక్యత షరతు కాదన్నది మొదటిది. రెండవది మదీనా ఒడంబడిక. ఇబ్నె ఇస్‌హాఖ్ పాఠం ప్రకారం బనూ ఔఫ్ యూదులు విశ్వాసులతో కలసి ఒక ‘ఉమ్మత్’. ఎవరి ధర్మం వారిది.

మొదటి ఆధారం బలమైనది. రెండవదాన్ని 1938 నాటి భారతదేశానికి అన్వయించడంలో ఒక లోటు ఉంది. మదీనాలో వివాదం తలెత్తితే అల్లాహ్‌కూ దైవప్రవక్త (స)కూ నివేదించాలన్న నిబంధన ఉంది. అనగా నాయకుడెవరన్న ప్రశ్న అక్కడ ముందే తీరిపోయింది. ఇక్కడ తీరలేదు. సమాజాలు ఒడంబడిక చేసుకోవాలంటే ఒక్కొక్క సమాజం పక్షాన మాట్లాడేదెవరు? ఉలమాలా, జమీందార్లా, న్యాయవాదులా? మగ్గం నేసే మోమిన్ల మాటేమిటి? స్త్రీల మాటేమిటి? ఈ ప్రశ్నలకు గ్రంథంలో తగిన సమాధానం దొరకదు. 1946 ఎన్నికలలో సైతం ప్రత్యేక నియోజకవర్గాలే ఉన్నాయి. ఓటు హక్కు ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్నవారికే పరిమితం. ఆ ఫలితాలనే ముస్లింలందరి తీర్పుగా చెప్పుకున్నారు. ఓటులేని బీదవారు విభజనను కోరారో, మదనీవలె వ్యతిరేకించారో అడిగినవారు లేరు.

ఈ చర్చను తెలుగులోకి తేవాలంటే మొదట అడ్డుతగిలే మాట ‘జాతి’. దేశప్రజలకూ, కులానికీ, పశుపక్ష్యాదులకూ మనకు అదొక్కటే మాట. ఖౌమ్‌నూ మిల్లత్‌నూ రెంటినీ ‘జాతి’ అంటే ఆనాటి పత్రికల పొరపాటే పునరావృతమవుతుంది. ఉపన్యాసాలలో ‘ముస్లిం జాతి’ అని అలవోకగా అనేవారు, ‘తెలుగు జాతి’ నుండి తమను ఎవరైనా వేరుచేసినప్పుడు ఏ మాటతో అభ్యంతరం చెబుతారు? మిల్లత్‌ను ‘ధార్మిక సమాజం’ అనీ, ఖౌమ్‌ను ‘జాతి’ అనీ స్థిరపరచుకోవడం ఉచితం.

ఇది నిఘంటువుతో తీరే విషయం కాదు. 1950లో అమలైన రాజ్యాంగం వయోజనులందరికీ ఓటిచ్చింది. మతాన్నిబట్టి వేర్వేరు ఓటర్ల జాబితాలు ఉండరాదన్నది. 1993లో అమలైన 73వ సవరణ పంచాయతీలలో కనీసం మూడోవంతు స్థానాలు స్త్రీలకు కేటాయించింది. వార్డు సభ్యురాలిగా నెగ్గిన ముస్లిం స్త్రీ తన వీధి మసీదు జమాఅత్‌కు మాత్రమే కాదు, కుళాయి నీటికోసం ఎదురుచూసే ప్రతి ఇంటికీ జవాబుదారు. మదనీ వాదించిన ఉమ్మడి ఖౌమ్‌కు ఆచరణరూపం అదే.

అయితే సమాజం ఓట్లన్నీ తన చేతిలో ఉన్నాయని పార్టీలతో బేరమాడే పెద్దమనిషి బస్తీలోనూ ఉన్నాడు, రాజధానిలోనూ ఉన్నాడు. అతనికి ఆ అధికారం ఎవరిచ్చారన్న ప్రశ్న ఈ గ్రంథం వేయలేదు. మదనీ వాదాన్ని గౌరవించేవారు ఆ ప్రశ్న వేయక తప్పదు.