సంతకం వార్డెన్‌ది, చెయ్యి పిల్లది

'దాచుకోవడానికి మన దగ్గర ఏముంది?' ఈ మాట ఇప్పుడు టీకొట్టు దగ్గరా, స్టాఫ్‌రూముల్లోనూ, ఆఖరికి మన సంఘాల మీటింగుల్లోనూ వినబడుతున్నది. ఫోన్లో ఏ యాప్ ఏం అడిగినా సరేనని నొక్కేయడం, వేలిముద్ర అడిగితే వేలు పెట్టడం, రక్తం అడిగితే చెయ్యి చాపడం. దొంగకు గదా భయం, మనకెందుకు అంటారు. దాని వెంటే ఇంకో రెండు మాటలు నడుస్తుంటాయి. అంతా మన మంచికే గదా అనేది ఒకటి. కంప్యూటర్‌కు కులం తెలీదు అనేది ఇంకొకటి. ప్రైవసీ అనేది ఇంగ్లీషు చదువుకున్న అగ్రకుల మేధావుల బాధ, తిండికీ భూమికీ ఆత్మగౌరవానికీ కొట్లాడేవాళ్లకు దానితో పనేమిటని వాదించే దళిత మిత్రులు కూడా ఉన్నారు. వాళ్లతోనే మా పేచీ. ఇది మన అనుభవం నుంచి పుట్టిన మాట కాదు. మన నోట్లో పెట్టిన మాట.

దాచుకోవడానికి ఏమీ లేదని ఎవరు అనగలరు? ఇంటిపేరు చెబితే ఇల్లు అద్దెకు దొరికేవాడు అనగలడు. పట్నంలో గది కోసం తిరిగిన ఏ మాల, మాదిగ విద్యార్థినైనా అడగండి. అద్దె ఎంతో చెప్పకముందే 'మీరేమిట్లు?' అనో, 'మీరేమోళ్లు?' అనో అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడి ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించుకుని బతుకుతున్నవాళ్లు మనలో ఎంతమంది లేరు? సాఫ్ట్‌వేర్ రాసేవాడు తన దరఖాస్తు ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి పెడతాడు, అది నింపితే గానీ ముందుకు పోదంటాడు. అతని దృష్టిలో అది మామూలు గడి. అతని ఇంటిపేరు అతన్ని ఎన్నడూ గడప బయట నిలబెట్టలేదు గదా. ఇక పెళ్లి సంబంధాల యాప్‌లలో కులాన్నీ ఉపకులాన్నీ ఎంచుకోవడానికి విడివిడిగా మీటలే ఉంటాయి. కంప్యూటర్‌కు కులం తెలీదట!

ప్రైవసీకి తెలుగులో మాట లేదనీ, అది దిగుమతి సరుకనీ కొందరు పండితులు అంటున్నారు. గోప్యత అని ఒక సంస్కృత పదం తెచ్చి పెట్టారు. వాడలో దానికి మాట ఎప్పటినుంచో ఉంది. చాటు. మరుగు. తెల్లవారకముందే చీకట్లో చెంబు పట్టుకుని తుమ్మ చెట్ల వెనక్కి పోయిన మన తల్లులకు చాటు అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒంటిగది ఇంట్లో పాత చీర అడ్డం కట్టుకుని స్నానం చేసిన ఆడపిల్లకు తెలుసు. అగ్రకులాల ఇంటికి చాటు పుట్టుకతో వస్తుంది. ప్రహరీగోడా, పడకగదీ, లోపలి వసారా. మనం దాన్ని రోజూ సంపాదించుకోవాలి. రోజూ సంపాదించుకునేదాన్ని అక్కర్లేదని మనమే అనడం ఎట్లా?

ఇప్పుడు ఖమ్మం సంగతికి వద్దాం. 2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పని. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. ఖమ్మంలో మెర్క్ కంపెనీ టీకా, గుజరాత్‌లోని వడోదరలో గ్లాక్సో కంపెనీ టీకా. ఖమ్మంలో దాదాపు 14 వేల మంది పిల్లలు. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే ఆదివాసీ, దళిత, వెనకబడిన కులాల పిల్లలు. ఇది ఆదివాసుల సంగతి గదా, దళిత పత్రికకెందుకు అనే మిత్రులు ఎస్సీ హాస్టల్లో తాము చదువుకున్న రోజుల్ని ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. అక్కడ మన తరఫున సంతకాలు పెట్టిందెవరు?

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మహిళా, ఆరోగ్య సంఘాలు భద్రాచలం పోయి విచారించి గొడవ చేశాక 2010 ఏప్రిల్లో పని ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాకపోవచ్చని ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ చెప్పింది. పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు, మలేరియా అని లెక్కలు చూపించారు. ఆ వైద్యపు లెక్కను మేం ఇక్కడ తిరగదోడబోవడం లేదు. టీకా చెడ్డదనీ అనబోము. చాలా దేశాలు వేస్తున్నాయి, ఆ క్యాన్సర్‌తో ఎక్కువగా చచ్చేది పేద ఆడవాళ్లే. మేం చదవమనేది ఆ ప్రాజెక్టు కాగితాల్ని. సాహిత్యాన్ని ఎట్లా విమర్శిస్తామో ఆ అంగీకార పత్రాల్ని అట్లా విమర్శించాలి.

2013లో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికలో వాటి లెక్క చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. తల్లి కాదు, తండ్రి కాదు, పిల్ల అసలే కాదు. వార్డెన్. ఆ పిల్ల అన్నం వార్డెన్ చేతిలో ఉంది, సెలవు వార్డెన్ చేతిలో ఉంది, సబ్బుబిళ్ల కూడా వార్డెన్ చేతిలోనే ఉంది. ఇప్పుడు ఒళ్లు కూడా. వేలిముద్ర వేసిన తల్లిదండ్రులకైనా ఏం చదివి వినిపించారు? అడవిలో కూలికి పోయినవాణ్ణి పిలిపించడానికి తీరిక లేదన్నది ఎవరి తీరిక? ఇదే టీకాను హైదరాబాదులో ఒక పెద్ద కార్పొరేట్ స్కూల్లో ప్రిన్సిపాల్ సంతకంతో వేయగలిగేవాళ్లా? మొదటి రోజే గేటు ముందు కార్లు ఆగేవి, టీవీలవాళ్లు దిగేవాళ్లు.

ఇంకో సంగతి, మాటల సంగతి. దీన్ని ప్రయోగం అనలేదు. 'ప్రదర్శన ప్రాజెక్టు' అన్నారు. ప్రయోగం అంటే చట్టం వస్తుంది, నష్టపరిహారం వస్తుంది, ఏం జరిగిందో కనిపెట్టి చూడాల్సిన బాధ్యత వస్తుంది. ప్రదర్శన అంటే ఏదీ రాదు. కాదు, ఇది ప్రయోగమేననీ, కంపెనీల వ్యాపారానికి దారి వేయడమే దీని ఉద్దేశమనీ పార్లమెంటు సంఘం తేల్చింది. పేరు మార్చి బాధ్యత దులుపుకోవడం మనకు కొత్తగాదు. వెట్టిని ఆచారమన్నవాళ్లు, జోగినిని దేవుడి సేవ అన్నవాళ్లు ఈ దేశంలోనే ఉన్నారు. అమెరికాలో కూడా టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా దాదాపు 400 మంది నల్లవాళ్ల సిఫిలిస్ జబ్బును వైద్యం చేయకుండా చూస్తూ కూర్చున్నారు. 'మీకు రక్తం చెడింది, ఉచిత వైద్యం చేస్తాం' అని చెప్పారు వాళ్లకు. మంచి కోసమే అనే మాటకు అంత చరిత్ర ఉంది.

హాస్టల్లో సంతకం వార్డెన్ పెట్టాడు. ఫోన్లో మనమే పెడుతున్నాం గదా, తేడా లేదా అనొచ్చు. సరే, ఆ 'సరే' మీట నొక్కకపోతే ఏమవుతుందో చూడండి. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనిలో రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫోటో తప్పనిసరి చేశారు. ఫోటో లేకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. చండీగఢ్, నాగపూర్ లాంటి చోట్ల ఊడ్చేవాళ్ల చేతులకు జీపీఎస్ గడియారాలు కట్టారు. మరుగుకు పోవాలన్నా భయంగా ఉందని ఆడ పనివాళ్లు మొత్తుకున్నారు. కమిషనర్ చేతికి ఆ గడియారం ఎందుకు కట్టలేదు? కూలి పోతుందని పెట్టే సంతకానికీ వార్డెన్ పెట్టే సంతకానికీ పెద్ద తేడా మాకు కనబడటం లేదు.

తెలంగాణలో సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చింది. అనేక ప్రభుత్వ శాఖల రికార్డుల్ని ఒకచోట చేర్చి, పేరూ చిరునామా పోల్చి, ఈ మనిషీ ఆ మనిషీ ఒక్కరేనా అని తేలుస్తుంది. ఫలానావాడికి కారు ఉంది గనక రేషన్ కార్డు తీసెయ్ అంటుంది. 2014–2019 మధ్య రాష్ట్రంలో లక్షల కార్డులు పోయాయి. ఇంటికొచ్చి చూసినవాడు లేడు, నోటీసు ఇచ్చినవాడు లేడు. 2022లో సుప్రీంకోర్టు, రద్దయిన దాదాపు 19 లక్షల కార్డుల్ని క్షేత్రంలోకి పోయి తిరిగి విచారించమని చెప్పాల్సి వచ్చింది.

పేర్లు పోల్చడం అంటే ఏమిటో కొంచెం ఆలోచించాలి. మన ఎల్లయ్య పేరును ఇంగ్లీషులో ఒక గుమాస్తా 'ఇ'తో మొదలుపెడతాడు, ఇంకొకడు 'వై'తో. పుట్టిన తేదీ మేస్టారు వేసిందే. ఒక వాడలో నలుగురు ఎల్లయ్యలుంటారు. అందరి చిరునామా 'ఎస్సీ కాలనీ', అంతే. ఇంటి నంబరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఊళ్లో మాత్రం వీధికో పేరు, ఇంటికో నంబరు. ఇట్లాంటి రికార్డుల్ని పోల్చమంటే మిషన్ ఎవరి దగ్గర తప్పుతుంది? అది కులం చూడకపోవచ్చు. కులం రాసిపెట్టిన కాగితాల్ని చూస్తుంది. తప్పు జరిగాక, నువ్వు నువ్వేనని రుజువు చేసుకోవాల్సింది మాత్రం ఆకలితో ఉన్నవాడే.

అయితే లెక్కలే వద్దంటారా అని ఎవరైనా అడుగుతారు. అడగాలి కూడా. కులగణన కావాలని అడిగింది మనమే. వర్గీకరణ ఉద్యమం ముప్ఫై ఏళ్లు నడిచింది లెక్కల మీదే గదా. 2024 చివర్లో తెలంగాణ కుల సర్వే జరిగితే ఇంటింటికీ తిరిగి రాయించుకోమన్నదీ మన సంఘాలే. ఇందులో వైరుధ్యం లేదంటున్నాం మేం. జాతిగా మమ్మల్ని లెక్కపెట్టు, మా వాటా ఎంతో తేల్చు అనడం వేరు. ఒక్కొక్కణ్ణి వెంటాడు, వాడేం తింటున్నాడో ఎక్కడ తిరుగుతున్నాడో చూడు అనడం వేరు. మొదటిదానికి మొత్తాలు చాలు. రెండోదానికే పేర్లు కావాలి. లెక్క కోసం ఇచ్చిన పేరు వెంటాడటానికి వాడకూడదని సర్వే కాగితంలో ఎక్కడ రాసి ఉంది? మన సంఘాలు అడగాల్సిన ప్రశ్న అది.

చట్టం ఏం చేస్తున్నదో కూడా చూద్దాం. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. పేదవాడికి తిండి చాలు, ఇట్లాంటి హక్కులు అక్కర్లేదనే వాదనను ఆ తీర్పు తోసిపుచ్చింది. మన మిత్రులు ఇప్పటికీ పలుకుతున్న వాదన అదే గనక దీన్ని గుర్తు చేస్తున్నాం. తర్వాత 2019లో పార్లమెంటులో పెట్టిన బిల్లులో కులం, తెగ అనేవి ప్రత్యేకంగా కాపాడాల్సిన సున్నితమైన వివరాల జాబితాలో ఉండేవి. 2023లో పాసైన చట్టంలో ఆ జాబితానే లేదు. మీ కులమూ, మీ చెప్పుల సైజూ ఇప్పుడు ఒక్కటే! దీని మీద మన పత్రికల్లో ఎంత చర్చ జరగాలి? ఎంత జరిగింది?

అదే చట్టం 44(3) సెక్షన్ సమాచార హక్కు చట్టాన్ని సవరించింది. అంతకుముందు వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని 8(1)(జె) సెక్షన్లోనే ఉండేది. ఆ మాటల్ని అక్కణ్ణుంచి తీసేశారు. ఎస్సీ హాస్టల్లో బియ్యం ఎన్ని క్వింటాళ్లు వచ్చాయి, ఏ కాంట్రాక్టర్‌కు బిల్లు ఇచ్చారు, సబ్‌ప్లాన్ డబ్బు ఎవరి పేరున పోయింది అని మన కుర్రాళ్లు పది రూపాయల దరఖాస్తుతో అడుగుతూ వచ్చారు. ఇక ఆ కాంట్రాక్టర్ పేరు వ్యక్తిగతం అనొచ్చు ఆఫీసరు. వాడలో చాటు లేనివాడి ఫోటో రోజుకు రెండుసార్లు ఎక్కాలి, కాంట్రాక్టర్ పేరుకు మాత్రం చాటు. సమాచార హక్కు సంఘాలు దీని మీద కోర్టులోనూ వీధిలోనూ కొట్లాడుతున్నాయి. ఆ ధర్నాల్లో మన జెండాలు తక్కువగా కనబడుతున్నాయి.